చూసి వచ్చిన మూడు ఊళ్ళు – చెప్పుకోవలసిన ఒక తప్పు

(పెన్షనర్ల దినం సందర్భంగా మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం సాధారణంగా డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మీరు లేపాక్షి, హంపి, గోవా తిరిగి వచ్చారట కదా, దాని మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. సరేనన్నాను. యాత్ర సంగతులు చెబుతాను. దానితో పాటు యాభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని ఒక మాట కూడా చెప్పుకోవాలి. అది చివర్లో వస్తుంది. అంతవరకూ మీరు మేలుకునే ఉంటారని నా ఆశ!

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు కారణంగానే మనం ఈ రోజును పండుగలా జరుపుకుంటున్నాం. పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని ఆ తీర్పు చెప్పింది. ఆ హక్కు వల్ల మనకు నెల తిరిగేసరికి డబ్బు వస్తోంది. డబ్బుతో పాటు ఇంకొకటి కూడా వచ్చింది, అదే తీరిక. సర్వీసులో ఉండగా మనకు లేనిది అదే. ఎల్.టి.సి. పెట్టుకుని తిరుపతి వెళ్ళాం, కాశీ వెళ్ళాం, పిల్లల పెళ్ళి సంబంధాలకు తిరిగాం. ఒక కట్టడం ముందు గంటసేపు నిలబడి చూసిన సందర్భం నా ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో ఒక్కటీ లేదు.

2024 సంక్రాంతి సెలవుల్లో నేను, మా ఇంటావిడ, ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు ముగ్గురం బయలుదేరాం. నాకు డెబ్భై నాలుగు, ఆవిడకు అరవై తొమ్మిది. ఆవిడకు మోకాళ్ళు, నాకు మెడ. ఎనిమిది రోజుల్లో మూడే ఊళ్ళు చూడాలని ముందే నిర్ణయించుకున్నాం. ఈ మూడూ వేరు వేరు ఊళ్ళలా కనబడతాయి కాని, వీటిని కలిపే దారం ఒకటుంది. అదేమిటో చెబుతాను.

మొదట లేపాక్షి. హిందూపురానికి పదిహేను కిలోమీటర్లు. ఒకప్పుడు మన అనంతపురం జిల్లాలోది, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోది. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, నేను ఢిల్లీ ఎర్రకోట చూశాను గాని, ఇంటి పక్కనున్న లేపాక్షిని సరిగ్గా చూడలేదు. చిన్నప్పుడు రెండుసార్లు వెళ్ళి, బసవన్న ముందు ఫోటో దిగి వచ్చాను. ఒకే రాతిలో తొలిచిన ఆ నంది సుమారు ఇరవై ఏడు అడుగుల పొడవు, పదిహేను అడుగుల ఎత్తు. అది చూసేసి లేపాక్షి చూశామనుకునే వాళ్ళమే మనలో ఎక్కువ.

అసలు సంగతి గుడి లోపల, మన నెత్తి మీద ఉంది. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, అంటే పదహారో శతాబ్దంలో, విరూపణ్ణ అనే అధికారి ఈ వీరభద్రస్వామి గుడి కట్టించాడు. మండపం కప్పు నిండా బొమ్మలు వేయించాడు. పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునుల పోరు, రాముడి పట్టాభిషేకం, ఇలా కథ వెంట కథ. సున్నపు గచ్చు మీద ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ. ఆడవాళ్ళ చీరల మీద అంచులు, గళ్ళు, పూలు చూస్తుంటే ఆ కాలపు బట్టల కొట్టుకు వెళ్ళినట్టే ఉంటుంది. ఒక పెద్ద వీరభద్రుడి బొమ్మ సుమారు ఇరవై నాలుగు అడుగుల పొడవుంటుంది. మా ఆవిడ ఆ చీరల దగ్గర నిలబడి కదిలితే ఒట్టు.

నాకు మెడనొప్పి. తలెత్తి ఐదు నిమిషాలు చూడలేను. అప్పుడు మా ఆవిడ సంచిలోంచి చేతి అద్దం తీసి నాకిచ్చింది. అద్దాన్ని నడుము దగ్గర పట్టుకుని కిందికి చూస్తే పైకప్పు మొత్తం చేతిలోకి వచ్చింది! మెడ సమస్య ఉన్న మిత్రులందరూ ఈ ఉపాయం గుర్తుంచుకోండి. ఖర్చు ముప్ఫై రూపాయలు.

చాలాచోట్ల వాన నీరు ఊరి, గచ్చు పెచ్చులుగా రాలిపోయి బొమ్మలు పోయాయి. అన్నం తింటున్నవాళ్ళ బంతిలో సగం మంది లేచి వెళ్ళిపోయినట్టు ఖాళీలు. ఇంతటి బొమ్మలు వేసినవారి పేర్లు మనకు తెలియవు. కట్టించిన విరూపణ్ణ పేరు మిగిలింది. వేసినవాళ్ళ చేతిపని మిగిలింది.

అక్కడే నేలకు పూర్తిగా ఆనని వేలాడే స్తంభం ఉంది. అందరూ దాని కింద నుంచి కండువానో, చీర కొంగునో లాగి చూస్తారు. మా మనవరాలు కూడా తన చున్నీ లాగింది. లాగిన తర్వాత, "తాతా, రోజుకు ఇంతమంది లాగితే రాయి అరిగిపోదా?" అని అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను. కాని ఆ ప్రశ్న నాకు ముల్లులా గుచ్చుకుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

అక్కడి నుంచి హంపి. హోసపేటలో దిగి పదమూడు కిలోమీటర్లు. మూడు రోజులున్నాం. హంపి గురించి తెలుగువాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేముంది! రాయలవారు మన ఇంటి మనిషి. 1520 ప్రాంతంలో డొమింగో పాయెస్ అనే పోర్చుగీసు ఆయన ఈ నగరం చూసి, రోము అంత పెద్దదని రాసుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన నూనిజ్ గుర్రాల వ్యాపారి. ఈ ఇద్దరి రాతలనూ ఇంగ్లీషులోకి తెప్పించి 1900లో అచ్చు వేసినవాడు రాబర్ట్ సూయెల్. ఆయన మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి. అంతకు ముందు 1799లో హంపి శిథిలాలకు పటం గీయించిన కాలిన్ మెకంజీ సర్వే ఉద్యోగి. ఆయన దగ్గర మన తెలుగువాడు కావలి వెంకట బొర్రయ్య పనిచేశాడు. ఉద్యోగం చేసుకుంటూనే ఇంత పని చేశారే అనుకుంటే, మన ఫైళ్ళ జీవితం మీద కొంచెం గౌరవం, కొంచెం సిగ్గు రెండూ కలిగాయి.

విఠలాలయం మండపం అరుగు చుట్టూ గుర్రాలు చెక్కి ఉన్నాయి. వాటి కళ్ళేలు పట్టుకుని విదేశీ వర్తకులు నడుస్తుంటారు. మన దేశపు వాతావరణంలో మేలుజాతి గుర్రాలు సరిగ్గా పెరగవు. అరేబియా నుంచి, పర్షియా నుంచి ఓడల్లో తెప్పించుకోవాలి. గుర్రాలు లేకపోతే యుద్ధం లేదు. ఆ గుర్రాలు దిగే రేవు గోవా. 1510లో పోర్చుగీసు వాళ్ళు గోవా పట్టుకుని ఆ వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్నారు. విజయనగరం గుర్రాలు కొంది, గోవా డబ్బు గడించింది. నేను చెప్పిన దారం ఇదే. 1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధంలో విజయనగరం కూలిన తర్వాత ఆ పెద్ద బేరం పోయింది. కొనేవాడు పోతే అమ్మేవాడి గతి ఏమిటో కొట్టు పెట్టినవాళ్ళందరికీ తెలుసు. ఈ సంగతి తెలుసుకుని చూస్తే హంపిలో ఆ రాతి గుర్రాలు ఊరకే అలంకారంగా కనబడవు.

రాతి రథం సంగతి చెప్పనవసరం లేదు. 2017లో వచ్చిన కొత్త యాభై రూపాయల నోటు వెనుక ఉన్నది అదే. ఒకప్పుడు ఆ చక్రాలు తిరిగేవట. జనం తిప్పి తిప్పి అరగదీస్తారని కదలకుండా బిగించారు. సంగీత స్తంభాలను తట్టడం కూడా ఇప్పుడు నిషేధం. 1972లో నేను తట్టాను. కణుపులతో తట్టాను, పావలా బిళ్ళతో తట్టాను. చాలా బాగా మోగింది.

ఇక్కడ ఆ 1972 సంగతి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్త. ఇరవై రెండేళ్ళ వయసు. ఆఫీసువాళ్ళం పదిమందిమి ఆదివారం కలిపి రెండు రోజులు సెలవు పెట్టి హంపి వెళ్ళాం. నా పక్క సీటు మిత్రుడు ఒకాయన ఉండేవాడు. ఇద్దరికీ ఒకే టీ, సగం సగం. రాణుల స్నానాగారం అని ఒక కట్టడం ఉంది, మీలో చాలామంది చూసే ఉంటారు. మధ్యలో పెద్ద తొట్టి, చుట్టూ వసారా, గచ్చుతో చేసిన చక్కటి పూలపని. ఆ వసారాలో ఒక మూల, ఇనుప మేకుతో గచ్చు మీద ఇద్దరం మా పేర్లు గీకాం. కింద 1972 అని వేశాం. ఆఫీసులో ప్రతి కాగితం మీద పొడి అక్షరాలు వేసే అలవాటు కదా, హంపి మీద కూడా వేశాం. చాలా గొప్ప పని చేసినట్టు నవ్వుకున్నాం. పాత కట్టడాలను పాడుచేస్తే మూడు నెలల జైలు గాని, ఐదు వేల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చని 1958 నాటి చట్టం అప్పటికే ఉంది. 2010లో దాన్ని రెండేళ్ళకు, లక్ష రూపాయలకు పెంచారు. ప్రభుత్వోద్యోగినైన నాకు ఆ చట్టం ఉన్నట్టే తెలియదు.

యాభై రెండేళ్ళ తర్వాత మళ్ళీ అదే వసారాలో నిలబడ్డాను. ఇద్దరినీ ముందుకు పంపి, నేను ఒంటరిగా గోడలు వెతకడం మొదలుపెట్టాను. గోడల నిండా పేర్లే. హృదయాలు, బాణాలు, ఊళ్ళ పేర్లు, సంవత్సరాలు. ఎవడి పేరు చూసినా నా పేరులాగే కనబడింది. దొరకకపోతే బాగుండునని కూడా అనిపించింది. దొరికింది. నా పేరు సగం రాలిపోయింది. మా మిత్రుడి పేరు మాత్రం చెక్కు చెదరలేదు.

ఆయన 2011లో గుండెపోటుతో పోయాడు. మీలో చాలామంది ఆయనను ఎరుగుదురు కాబట్టి పేరు చెప్పను. ఆ గుండ్రటి అక్షరాలు చూడగానే, తప్పు అని తెలిసి కూడా, నాకు కళ్ళు చెమర్చాయి. సగం టీ గుర్తొచ్చింది. చెయ్యి ముందుకు పోయింది. అంతలో వెనక నుంచి మా మనవరాలు, "ఏం చూస్తున్నావు తాతా?" అంటూ వచ్చి, ఆ గోడ చూసి, "ఛీ, ఇలా ఎవరు రాస్తారు? వీళ్ళకు ఇంట్లో ఎవరూ చెప్పరా?" అంది.

నేను ఏమీ మాట్లాడలేదు. మా ఆవిడకు మాత్రం నా ముఖం చూసి అర్థమైంది. నలభై తొమ్మిదేళ్ళ కాపురం మరి!

ఆ సాయంత్రం కాపలా మనిషిని దూరం నుంచి అడిగినట్టు అడిగాను, "ఈ రాతలు చెరిపేయకూడదా?" అని. "గీకితే ఆ రాతతో పాటు ఇంకో అంగుళం గచ్చు పోతుంది సార్, అది తెలిసినవాళ్ళు చేయాల్సిన పని" అన్నాడు. అంటే నేను చేసిన తప్పును నేను తుడుచుకునే వీలు కూడా లేదన్నమాట. ఆఫీసులో తప్పు ఎంట్రీ పడితే అడ్డగీత కొట్టి సంతకం పెట్టేవాళ్ళం. ఇక్కడ అదీ కుదరదు.

హోసపేట నుంచి గోవా రైలు ఎక్కాం. కాజిల్ రాక్ దాటాక కనుమల్లో బండి మెల్లగా దిగుతుంది. ఆ సొరంగాల మధ్య ఎక్కడో మనవరాలికి చెప్పేశాను, "ఆ గోడ మీద రాసినవాళ్ళలో ఒకడిని నేనే" అని. అది చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత అడిగింది, "మరి ఇప్పుడేం చేస్తావు తాతా?" నా దగ్గర జవాబు లేదు.

గోవా అంటే సముద్రం అనుకుంటారు అందరూ. మేము వెళ్ళింది పాత గోవా. మాండవి నది ఒడ్డున, ఒకప్పటి రాజధాని. వ్యాపారం దెబ్బతిని, అంటువ్యాధులు వచ్చి, ఊరు ఖాళీ అయిపోయింది. 1843లో రాజధాని పణజికి వెళ్ళిపోయింది. ఇళ్ళు పోయి చర్చిలు మిగిలాయి. హంపినీ, ఈ చర్చిలనూ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది ఒకే ఏడాది, 1986లో. గుర్రాల బేరం నాటి బంధువులు మళ్ళీ ఒకే జాబితాలో కలిశారనుకున్నాను.

బాం జీసస్ బసిలికా పని 1594లో మొదలై, 1605లో ప్రతిష్ఠ జరిగింది. పునీత ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం అక్కడే ఉంది. ఆయన 1552లో చైనా తీరంలో కన్నుమూశారు. వెండి పేటిక గోవా కంసాలుల పని. దాని కింది పాలరాతి కట్టడం ఇటలీలోని టస్కనీ ప్రభువు పంపిన కానుక. పేటిక ఎత్తులో ఉంటుంది, కింది నుంచే చూడాలి. పదేళ్ళకోసారి కిందికి దించి దర్శనమిస్తారు. ఆఖరుసారి 2024 నవంబరు 21 నుంచి 2025 జనవరి 5 దాకా జరిగింది. ఒక సంగతి అక్కడ విన్నాను. 1554లో దర్శనానికి వచ్చిన ఒక భక్తురాలు పాదానికి ముద్దు పెట్టుకుంటూ, కాలి వేలు కొరికి తీసుకుపోయిందట! ప్రేమే. కాని చూసి తృప్తి పడలేని ప్రేమ.

ఆ చర్చి బయటి గోడలకు ఒకప్పుడు సున్నపు పూత ఉండేది. 1950లలో బాగు చేస్తున్నామనుకుని ఆ పూత తీసేశారు. లోపలి ఎర్రరాయి అందంగానే బయటపడింది. కాని అది మెత్తని రాయి. గోవా వానలకు తట్టుకోలేక అరిగిపోతోంది. మంచి ఉద్దేశంతో కూడా గాయం చేయవచ్చునన్నమాట.

పక్కనే ఫ్రాన్సిస్ ఆఫ్ అసిసీ చర్చి. అక్కడ కమానుల మీద పూలూ తీగలూ చిత్రించి ఉన్నాయి. అద్దం మళ్ళీ బయటికి తీశాం. కాని నేల చూడండి. నేలంతా సమాధి రాళ్ళే. పెద్ద పెద్ద వాళ్ళ పేర్లు, బిరుదులు, వంశ చిహ్నాలు లోతుగా చెక్కి ఉన్నాయి. నాలుగు వందల ఏళ్ళ పాదాల కింద చాలావరకు అరిగిపోయాయి. లేపాక్షిలో పేరు లేనివాళ్ళ పని తలెత్తి చూశాం. ఇక్కడ పేరు చెక్కించుకున్నవాళ్ళ మీద నడిచి వెళ్ళాం. నాకు రాణుల స్నానాగారం మళ్ళీ గుర్తొచ్చింది.

చివరి రోజు సెయింట్ అగస్టీన్ శిథిలాలకు వెళ్ళాం. కొండ మీద నలభై ఆరు మీటర్ల గోపురం, సగం కూలినది. 1835లో అక్కడి సన్యాసులు వెళ్ళిపోయాక పాడుబడింది. 1842లో పైకప్పు కూలింది. జార్జియా దేశపు రాణి కెటెవాన్‌ను 1624లో పర్షియాలో చంపించారు. ఆమె అవశేషాలను కొన్నింటిని అగస్టీన్ సన్యాసులు తెచ్చి ఇక్కడ దాచారు. 2005లో పురావస్తు శాఖ వారికి ఒక ఎముక దొరికింది. అది ఆమెదేనా అని పరీక్ష చేసింది ఎవరనుకున్నారు? మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు! పరీక్షల ఫలితాలు ఆమెదేనన్న నమ్మకాన్ని బలపరిచాయి. 2021 జులైలో భారత ప్రభుత్వం దాన్ని జార్జియాకు అప్పగించింది. మనవరాలు ఆ బోర్డు ముందు నిలబడి, "నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా తిరిగిచ్చేశారు చూడు తాతా" అంది. అది నన్ను ఉద్దేశించి అన్నదో, మామూలుగా అన్నదో నేను అడగలేదు.

మిత్రులారా, 2019లో హంపిలో నలుగురు యువకులు స్తంభాలు పడదోసి వీడియో తీసుకున్నారు. కోర్టు ఒక్కొక్కరికి డెబ్భై వేలు జరిమానా వేసి, వాళ్ళ చేతనే మళ్ళీ నిలబెట్టించింది. ఆ వార్త చదివి, "ఈ కాలం పిల్లలు!" అని నేను కూడా మీతో పాటు పార్కులో కూర్చుని తిట్టాను. ఆ రోజు నేను నోరు మూసుకుని ఉండవలసింది. మన కాలం పిల్లలమూ తక్కువ తినలేదు. మనకు వీడియో లేదు, అంతే. వాళ్ళు నిలబెట్టి వచ్చారు. నేను నిలబెట్టడానికి ఏమీ లేదు.

అందుకని మనవరాలి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదొక్కటే. ఇలా నలుగురి ముందు నిలబడి చెప్పడం. మొన్న మా వీధి బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పాను. వాళ్ళు నవ్వారు, తర్వాత నిశ్శబ్దమయ్యారు. ఇవాళ మీకు చెబుతున్నాను. మన సంఘం సభ్యులు ఏడాదికొక బడిని పిల్లలతో సహా ఒక పాత కట్టడానికి తీసుకువెళ్ళాలని నా ప్రతిపాదన. ముందు చదివి చెప్పండి, తర్వాత చూపించండి. మీలో ఎవరి పేరైనా ఎక్కడైనా గోడ మీద ఉంటే, అది కూడా చెప్పండి. పిల్లలు బోర్డు మీది హెచ్చరిక చదవరు గాని, తాత తప్పు ఒప్పుకుంటే చెవి ఒగ్గి వింటారు.

వెళ్ళేవారికి నాలుగు మాటలు. చలికాలంలో వెళ్ళండి. పొద్దున్నే చూసి, మధ్యాహ్నం పడుకుని, సాయంత్రం మళ్ళీ చూడండి. పురావస్తు శాఖ మ్యూజియంలకు శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి. విఠలాలయం దగ్గర పెద్దవాళ్ళకు బ్యాటరీ బండి ఉంటుంది, మొహమాటపడకండి. రైలు రాయితీ 2020లో ఆగిన సంగతి మీకు తెలిసిందే, కింది బెర్తు కోటా మాత్రం అడిగి రాయించుకోండి. మందుల చీటీ జేబులో ఉంచుకోండి. సంచిలో చేతి అద్దం పెట్టుకోండి. మేకు మాత్రం పెట్టుకోకండి.

మోకాళ్ళు పూర్తిగా మొరాయించక ముందే బయలుదేరండి. నాతో మళ్ళీ రావలసిన మిత్రుడు ఒకడు రాలేదు. ఆయన పేరు ఆ గోడ మీద ఉండకూడని చోట ఉంది. అది చెరపడం నా చేతిలో లేదు. దాని పక్కన ఇంకో పేరు చేరకుండా చూడడం మాత్రం కొంతవరకు మన చేతిలో ఉంది.